జైసల్మేర్ కల కంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

"పాలమూరు ఎండలు చూసినోళ్లం, థార్ ఎడారి ఓ లెక్కా" అనుకోకండి.

- నవంబర్, ఫిబ్రవరి మధ్యే వెళ్లండి.
- స్వెటర్ మరవొద్దు. జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగుతాయి. నేను పట్టించుకోలేదు, సమ్ ఇసుక తిన్నెల దగ్గర తెల్లవార్లూ పళ్లు టకటకలాడాయి.
- సమ్ జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరం. జీపు, ఒంటె, భోజనం రేట్లు విడివిడిగా ముందే మాట్లాడుకోండి.
- ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది. మనం ముందుకు తూలి దాని మెడ మీద పడతాం. జీను గట్టిగా పట్టుకుని వెనక్కి వాలండి.
- ఫోన్‌కు జిప్ కవర్. ఛార్జింగ్ రంధ్రంలో ఇసుక దూరితే అంతే.
- నీళ్లు, తువ్వాల, ఓఆర్‌ఎస్.
- 1156లో మొదలైన కోటలో ఇప్పటికీ కాపురాలున్నాయి. ఇళ్లలోకి కెమెరా పెట్టకండి.
- తిండికి టెన్షన్ వద్దు, సజ్జరొట్టె మనకు కొత్తా?