క్విల్ట్ ముక్కలు కలవట్లేదా? కుట్టు విప్పే ముందు కటింగ్ చూడండి

చిన్న చిన్న గుడ్డ ముక్కలు కలిపి కుట్టే క్విల్ట్ (బొంత)లో మూలలు కలవకపోతే చాలామంది వెంటనే కుట్టు విప్పుతారు. విప్పినప్పుడు గుడ్డ సాగుతుంది, రెండోసారి కుడితే ఇంకా చెడుతుంది. ముందు ఇంకా కుట్టని ముక్కల్ని స్కేలుతో కొలవండి. తప్పు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

సమస్య: వరస పొడవు పెరిగిపోతోంది

ఒక్కో ముక్క అంగుళంలో పదహారో వంతు పెద్దగా ఉన్నా, 12 ముక్కల వరసకు ముప్పావు అంగుళం తేడా వస్తుంది. యాక్రిలిక్ టెంప్లేట్ (ముక్క ఆకారంలో ఉండే గట్టి ప్లాస్టిక్ అచ్చు) చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ గీతకు బయట కత్తిరిస్తే జరిగేది ఇదే. గీత మందం నాలుగు వైపులా ముక్కకు కలిసిపోతుంది. గీత లోపలి అంచు వెంట కత్తిరించండి. అంతకన్నా మేలైన పని, గీయడం మానేసి టెంప్లేట్‌ని ఆనించి రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు తిరుగుతూ కోసే పనిముట్టు) నడపడం. అలా చేయాలంటే టెంప్లేట్ మందం 3 మిల్లీమీటర్లు ఉండాలి. పల్చటి దాని మీదకు బ్లేడు ఎక్కేస్తుంది, వేలు తెగుతుంది.

హైదరాబాద్‌లో సైన్‌బోర్డులు చేసే షాపుల్లో యాక్రిలిక్ షీటు లేజర్‌తో కోసి ఇస్తారు, కాబట్టి కావలసిన ఆకారం మనమే చేయించుకోవచ్చు. అయితే లేజర్ వెళ్ళిన దారిలో వెంట్రుకవాసి యాక్రిలిక్ కరిగిపోతుంది. సెట్టు మొత్తం ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. ఒకటి కోయించి, కొలిచి, సరిపోయాకే మిగతావి చేయించండి. డ్రాయింగ్‌లో ప్రతి వైపూ పావు అంగుళం కుట్టు మార్జిన్ (కుట్టు కోసం అంచున వదిలే గుడ్డ) కలిపారో లేదో కూడా చూసుకోండి. కుట్టాక 4 అంగుళాలు ఉండాల్సిన చదరానికి నాలుగున్నర అంగుళాలు కత్తిరించాలి. చదరాన్ని మూల నుంచి మూలకు కోసి చేసే త్రికోణాలకు లెక్క వేరు: రెండు త్రికోణాలు కలిపి కుట్టాక 3 అంగుళాల చదరం రావాలంటే 3⅞ అంగుళాల చదరం కోయాలి. చాలామంది త్రికోణాలకూ అర అంగుళమే కలుపుతారు. అందుకే అవి పక్క చదరం కన్నా చిన్నగా వస్తాయి.

కొలతలన్నీ సరిగ్గా ఉన్నా వరస పెరుగుతుంటే, అప్పుడు కుట్టును అనుమానించాలి. ఒకటిన్నర అంగుళాల పట్టీలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ సరిగ్గా అంగుళం రావాలి. అంగుళం దాటితే మార్జిన్ తక్కువ పడుతోంది, తగ్గితే ఎక్కువ పడుతోంది.

సమస్య: పొడవు పట్టీ విప్పితే మధ్యలో వంకర

కారణం ఒక్కటే: గుడ్డ మడత అంచుకు స్కేలు నిటారుగా లేదు. మడత మళ్ళీ వేసి, అంచు సరిచేసుకుని కోయండి. మూడు నాలుగు పట్టీలకోసారి ఇలా సరిచూసుకోవాలి.

సమస్య: అక్కడక్కడా పోగులు తెగట్లేదు

తెగని చోట్ల మధ్య దూరం కొలవండి. 45 మిల్లీమీటర్ల బ్లేడు ఒక చుట్టు తిరిగితే దాదాపు 14 సెంటీమీటర్లు నడుస్తుంది. అంత దూరానికోసారి పోగులు మిగులుతుంటే బ్లేడుకు గంటు పడింది, మార్చేయండి. అలా కాకుండా మ్యాట్ (కోసేటప్పుడు గుడ్డ కింద పరిచే పలక) మీద ఎప్పుడూ ఒకే చోట మిగిలితే, అక్కడ మ్యాట్‌లో గాడి పడిందన్నమాట. మ్యాట్‌ని తిప్పి ఇంకో వైపు వాడండి.

సమస్య: డై మెషిన్‌లో కోసినా ముక్క సన్నగా వస్తోంది

డై అంటే ముక్క ఆకారంలో బ్లేడు అమర్చిన పలక; దాని మీద గుడ్డ పెట్టి మెషిన్ రోలర్ కిందకు తోస్తాం. అది అన్నింటినీ ఒకే కొలతకు కోస్తుందన్న నమ్మకంతో గుడ్డ వాటాన్ని, అంటే పోగుల దిశను, పట్టించుకోం. రోలర్ కింద గుడ్డ కాస్త సాగుతుంది, కోశాక మళ్ళీ ముడుచుకుంటుంది. పేక (అడ్డం పోగు) దిశ ఎక్కువ సాగుతుంది కాబట్టి పడుగు (నిలువు) పోగు రోలర్ వెళ్ళే దిశలోనే ఉండాలి. మంగళగిరి, పోచంపల్లి లాంటి చేనేత కాటన్ అయితే ముందే నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. గంజి పట్టిన గుడ్డ డై కిందా నిలుస్తుంది, క్రాస్‌గా కోసిన త్రికోణాల అంచూ సాగదు. ఈ ఒక్క పనికి బద్ధకించకండి.

ఒకే ఆకారం వందల్లో కావాలంటేనే డై మీద డబ్బు పెట్టండి. చదరాలు, పట్టీలు, త్రికోణాలకు స్కేలు, కట్టర్ చాలు. 1979లో ఓల్ఫా కంపెనీ రోటరీ కట్టర్ తెచ్చాక చదరానికి టెంప్లేట్ అవసరం దాదాపు తీరిపోయింది. వంపు ముక్కలకు మాత్రం యాక్రిలిక్‌నే నమ్ముతాను. అక్కడ 28 మిల్లీమీటర్ల చిన్న బ్లేడు వాడండి, టెంప్లేట్ జారకుండా కింద గరుకు కాగితం చుక్కలు అతికించండి.

సమస్య: సగం ముక్కలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి

గుడ్డను మడిచి రెండు పొరలు ఒకేసారి కోశారు. చదరానికి పర్వాలేదు గానీ, ఒక పక్కకు వాలిన సమాంతర చతుర్భుజాల్లాంటి ముక్కలకు ఎడమ, కుడి తేడా ఉంటుంది. పొరలన్నీ మంచి వైపు పైకి ఉండేలా పరిచి కోయండి.

సమస్య: మ్యాట్ ఉబ్బింది, స్కేలు ఊగుతోంది

ఏప్రిల్, మే నెలల్లో కారు డిక్కీలోనో ఎండ పడే కిటికీ దగ్గరో పెట్టి ఉంటారు. వేడి ఇస్త్రీ పెట్టె ఆనినా ఇంతే. ఒకసారి వంగిన మ్యాట్ మళ్ళీ పూర్తిగా చదును కావడం కష్టం. దాని మీద కొలతలు నమ్మకుండా కొత్తది తెచ్చుకుని, మంచం కింద చదునుగా పడుకోబెట్టి దాచండి.