పికప్ బండి ఎత్తు తగ్గించి కిందకి దించే ముందు షాఫ్ట్ సంగతి చూస్కోండి

బండి జాకీ ఎక్కించక ముందే, నాలుగు చక్రాలు చదునైన నేల మీద ఉండగానే గేర్‌బాక్స్ వెనక భాగం, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే పొడవాటి గొట్టం), డిఫరెన్షియల్ పినియన్ (వెనక యాక్సిల్‌లో ఆ షాఫ్ట్ వచ్చి కలిసే గేరు), ఈ మూడిటి కోణాలు యాంగిల్ గేజ్‌తో కొలిచి రాసి పెట్టుకోండి. యాక్సిల్ గాల్లో వేలాడుతుండగా కొలిచిన లెక్క ఎందుకూ పనికిరాదు.

ఒకే ముక్క షాఫ్ట్ అయితే గేర్‌బాక్స్ అవుట్‌పుట్, పినియన్ దాదాపు సమాంతరంగా ఉండాలి, రెండు యూజాయింట్ల (షాఫ్ట్ రెండు చివర్లలో వంగి తిరిగే కీళ్ళు) కోణాల మధ్య తేడా 1 డిగ్రీ లోపు, ఒక్కోటీ 3 డిగ్రీలు దాటకుండా చూస్కోవాలి, అలాగని సున్నా చేసేయొద్దు, లోపలి నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్నటి రోలర్లు) కదలక ఒకే చోట అరిగి గుంటలు పడతాయి. తేడా వస్తే బండి వణుకుతుంది, అప్పుడు లీఫ్ స్ప్రింగ్‌కీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జ్ షిమ్ (ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా ఉండే పలక) పెడతాం కదా, అది ఎన్ని డిగ్రీలదో దించాక కొలిచే తేల్చుకోండి, మందం వైపు ఎటు రావాలో రెండుసార్లు చూడండి. తిరగేసి పెట్టి వణుకు ఇంకా పెంచుకున్న ఘనుణ్ణి నేనే!

రెండు ముక్కల షాఫ్టా? అయితే రెండు ముక్కలు కలిసే చోట షాఫ్ట్‌ని మోసే మధ్య బేరింగ్ బ్రాకెట్ ఎత్తు కూడా లెక్కలోకొస్తుంది.

షాఫ్ట్ విప్పే ముందు షాఫ్ట్ మీద నుంచి ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే పళ్ళెం) మీదకి పెయింట్‌తో ఒకే గీత గీయండి, మళ్ళీ అలాగే కలపకపోతే కోణాలన్నీ కరెక్టే ఉన్నా బ్యాలెన్స్ పోయి అదురుతుంది, అప్పుడు తప్పు ఎక్కడుందో తెలీక తల పట్టుకుంటారు. యూజాయింట్‌లో లూజు ఉంటే ముందే మార్చేయండి.

యాక్సిల్‌ని స్ప్రింగ్‌కి బిగించే యూబోల్టులు కొత్తవే వాడండి. జాకీని నమ్మి కిందకి దూరొద్దు, స్టాండులు పెట్టాకే.