రాగి కాసులు చదవడం నేర్చుకుందాం – ఐదో పాఠం: ప్రదర్శనలో కొనడం

గత పాఠంలో తూకం వేయడం, లెన్సు పట్టుకోవడం, అంచు పరిశీలించడం చూశాం. ఇంట్లో డబ్బాలో పడున్న కాసులతో ఆ అభ్యాసం చేసినవాళ్లు ఇక డబ్బు పట్టుకుని బయటికి వెళ్లొచ్చు. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో ఏ కల్యాణ మండపంలోనో నాణేల ప్రదర్శన, అమ్మకం పెట్టినప్పుడు అక్కడ రాగి ఎలా కొనాలన్నదే ఈ పాఠం. వెండి జోలికి ఇప్పుడు పోవద్దు. వెండి రూపాయికి బులియన్ రేటు, అంటే అందులోని లోహం ధర, అనే ఆసరా ఒకటి ఉంటుంది, మోసపోయినా కొంత తిరిగొస్తుంది. రాగికి ఆ ఆసరా లేదు. కాసు మీద ఎంత చదవగలిగితే అంతే దాని ధర. మనకు చదవడం రాకపోతే అమ్మే ఆయన చెప్పిందే రేటు.

జేబులో పది రెట్ల లెన్సు, గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం, పెన్ను టార్చి, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. టార్చి ఎందుకంటారా? మండపంలో ట్యూబులైటు వెలుగు నెత్తిమీద నుంచి పడుతుంది. అరిగిన అక్షరం ఆ వెలుగులో అసలు కనబడదు. టార్చిని కాసు పక్కన, దాదాపు బల్లకు ఆనించి వేయండి. అక్షరాల అంచుకు నీడ పడి, లేదనుకున్న సంవత్సరం పైకి తేలుతుంది. అయస్కాంతం కూడా కొందరు తెస్తారు. తెచ్చుకోండి, కానీ దాన్ని మరీ నమ్మొద్దు. అంటుకుంటే రాగి కాదని తేలుతుంది. అంటుకోనంత మాత్రాన పాతదని అర్థం కాదు, నకిలీ చేసేవాళ్లకూ రాగి దొరుకుతుంది కదా.

ఆ రోజు ఖర్చు పెట్టదలచుకున్న డబ్బు విడిగా ఒక కవరులో పెట్టుకోండి, వీలైనంత వరకు చిన్న నోట్లుగా. ఫోన్‌పే అందరి దగ్గరా ఉంటుంది గానీ, నగదు కనబడితే బేరం తొందరగా తెగుతుంది. పైగా ఫోనుతో కడుతూ పోతే ఎంత అయిందో సాయంత్రం దాకా తెలియదు.

లోపలికి వెళ్లగానే అన్ని బల్లలూ ఒకసారి చుట్టి రండి, ఏమీ కొనొద్దు. పొద్దున్నే వెళితే "బోణీ చెయ్యన్నా" అని పిలుస్తారు. మొహమాటపడకుండా "చూసొస్తానన్నా" అని కదలండి. ఈ మొదటి చుట్టులో చేయాల్సిన పని ఒక్కటే. 1835 నాటి కంపెనీ కాణీ, అంటే పావు అణా రాగి నాణెం, ఏ బల్ల మీద ఎంత చెబుతున్నారో నోటుపుస్తకంలో రాసుకోండి. ఇది లెక్కలేనంతగా ముద్రించిన కాసు, రాగి ఉన్న ప్రతి బల్ల మీదా ఉంటుంది. ఒక బల్లలో దానికి న్యాయమైన రేటు, పక్క బల్లలో దానికి నాలుగింతలు చెబితే, ఆ రెండో బల్ల మీద మిగతా కాసుల రేట్లూ అదే దారిలో ఉంటాయని లెక్కేసుకోవచ్చు.

మొదటి చుట్టులో ఏమీ కొనొద్దన్న నియమానికి నేను ఇచ్చే మినహాయింపు కలగలుపు ట్రేకు మాత్రమే. "ఏది తీసుకున్నా ఇంత" అని రాగినంతా గుట్టగా పోసిన ట్రే కనబడితే వెంటనే స్టూలు లాక్కుని కూర్చోండి. గాజు కింద, ప్లాస్టిక్ కవర్లలో, పేర్లు రాసిపెట్టిన కాసుల దగ్గర అమ్మే ఆయనకు తెలిసినదాంట్లో పదో వంతు కూడా మనకు తెలియదు. గుట్ట దగ్గర అలా కాదు. ఆ గుట్టను ఆయన కూడా పూర్తిగా చూసి ఉండడు. మధ్యాహ్నానికి తోటి వ్యాపారులే దాన్ని జల్లెడ పట్టేస్తారు, కాబట్టి పొద్దున్నే చూడాలి.

ఆ గుట్టలో ఏముంటుందో ఊహించాలంటే మన ప్రాంతం చరిత్ర కొంచెం గుర్తుండాలి. నెల్లూరు సీమ 1801 దాకా ఆర్కాటు నవాబుది. కాబట్టి నవాబు బిరుదైన వాలాజా పేరుతో పారశీక అక్షరాలున్న చిన్న, మందపాటి, అంచులు సరిగ్గా లేని రాగి ముక్కలు తగులుతాయి. మూడో పాఠంలో ఇచ్చిన పారశీక అంకెలు ఇక్కడే పనికొస్తాయి. 1206 అని చదవగలిగితే అది హిజ్రీ సంవత్సరం, మన లెక్కలో 1791-92. ఉత్తరాన గుంటూరు వైపు నుంచి ఉత్తర సర్కారుల కోసం కంపెనీ కొట్టించిన కాసులు వస్తాయి. వాటి మీద 1794 లేదా 1797, "రూపాయికి 48" అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. సగం కాసైతే "రూపాయికి 96". దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ల కోట ఉండేది, అందువల్ల దూయిట్లు అనే డచ్చి రాగి నాణేలు దొరుకుతాయి. పెద్ద వీ అక్షరం రెండు చేతుల మీదా ఓ, సీ అల్లుకున్న గుర్తు ఒకవైపు, కిరీటం కింద డాలు రెండోవైపు ఉంటాయి. పడమట ఉదయగిరి. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన కోట అది. ఒకవైపు గరుత్మంతుడు, రెండోవైపు మూడు వరుసల్లో నాగరి లిపిలో "శ్రీ ప్రతాప కృష్ణరాయ" అని ఉన్న రాగి కాసు ఈ గుట్టల్లో దొరకడం అరుదే గానీ, దొరికితే గుర్తుపట్టలేక వదిలేయకూడదు. ప్రకాశం జిల్లా అయితే 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఏర్పడింది. అక్కడి ఇళ్లలోంచి వచ్చే డబ్బాల్లో కూడా మూడు సీమల రాగి కలిసే ఉంటుంది.

గుట్టలో చెయ్యి పెట్టే ముందు అడగండి. కాసును అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకోండి, ముఖం మీద బొటనవేలు పెట్టొద్దు. నెల్లూరు ఎండలో చెమట చేతులు రాగికి పెద్ద శత్రువులు. మొదటి విడతలో చదవక్కర్లేదు. సైజు, మందం బట్టి వేరు చేయండి. గుండ్రంగా, ఒకే మందంలో ఉన్నవి యంత్రం మీద కొట్టినవి, అవి ఒక పక్కకు. వంకర టింకరగా ఉన్నవి చేత్తో కొట్టినవి, రెండో పక్కకు. మన పనంతా ఈ రెండో కుప్పతోనే, ఎందుకంటే చాలామంది దాన్ని ముట్టుకోరు.

మొదటి కుప్పలో కూడా ఒక సరదా పని ఉంది. ఏడో ఎడ్వర్డు రాజు బొమ్మతో 1906 సంవత్సరం వేసిన కాణీలు ఎన్ని ఉంటే అన్నీ ఏరండి. ఆ ఏడే ప్రభుత్వం రాగి మానేసి కంచు మొదలుపెట్టింది, బరువూ తగ్గించింది. అందుకే అదే సంవత్సరంతో రెండు రకాలున్నాయి. రాగి కాణీ ఆరున్నర గ్రాముల దగ్గర తూగుతుంది, కంచుది 4.86 గ్రాములు. అరిగితే రెండూ ఇంకాస్త తగ్గుతాయి, అయినా మధ్యలో ఇంత తేడా ఉంది కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు. వాటిని ఒకటి తర్వాత ఒకటి తూకం మీద పెడుతుంటే అమ్మే ఆయన కూడా వంగి చూస్తాడు. ఈ ఒక్క పనితో మీకు తూకం మీద గురి కుదురుతుంది, ఆయనకు మీ మీద గురి కుదురుతుంది. ఆ తర్వాత అడ్డగోలు రేట్లు చెప్పడు.

మద్రాసు కంపెనీ కాసుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ ధర చెప్పేది వీటికే. 1803, 1808 సంవత్సరాలతో ఇరవై కాసుల నాణెం, పది కాసుల నాణెం ఉన్నాయి. ఒకవైపు రెండు సింహాలు పట్టుకున్న కంపెనీ డాలు, రెండోవైపు పారశీకంలో "ఇరవై కాసులంటే నాలుగు ఫలూసులు" అన్న వాక్యం (ఫలూసు కూడా ఓ రాగి నాణెమే), కింద రోమన్ అంకెలో విలువ. ఇవి మద్రాసులో పుట్టినవి కావు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో సోహో టంకశాల వాటిని కొట్టింది. 1808 నాటి కాసులు టన్నుల కొద్దీ వేసుకుని మద్రాసుకు బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే ఇసుక దిబ్బల్లో మునిగిపోయింది. 1980లలో ఆ సరుకును పైకి తీశారు. అందువల్ల 1808 కాసు ఇప్పుడు లోకంలో కొల్లలుగా ఉంది. "రెండొందల ఏళ్ల నాటిదన్నా, యాడా దొరకదు" అని చెబితే చిరునవ్వు నవ్వి ఊరుకోండి. ఆ సముద్రపు కాసును గుర్తుపట్టడం తేలికే. అక్షరాలు వాడని కాసుల్లా పదునుగా ఉంటాయి, కానీ నేల భాగం, అంటే అక్షరాలు, బొమ్మల వెనక ఖాళీ చోటు, ఉప్పు తిన్నట్టు గరుకుగా ఉంటుంది. మన ఊళ్లలో చేతులు మారిన కాసు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నేల నున్నగా, సింహాల నడుములు అరిగి, రంగు ముదురు గోధుమగా ఉంటుంది. నన్నడిగితే ఆ అరిగినదే మనకు విలువైనది. అది ఇక్కడి సంతల్లో ఉప్పుకో చింతపండుకో మారిన కాసు. ధర మాత్రం దానికే తక్కువ, కొనేవాళ్లకు అదొక లాభం.

ఇక దూరంగా ఉండాల్సినవి. హనుమంతుడి బొమ్మో, సీతారామ పట్టాభిషేకమో ఒకవైపు, "ఈస్టిండియా కంపెనీ, అర్ధణా, 1818" అని రెండోవైపు ఉన్నవి ప్రతి ప్రదర్శనలోనూ కనబడతాయి. 1616, 1717 అని వేసినవి కూడా ఉన్నాయి. ఇవి రామటెంకీల (పూజ కోసం దేవుడి బొమ్మతో చేసిన బిళ్లల) బాపతు, కంపెనీ నాణేలు కావు. పూజలో పెట్టుకోవాలంటే పది ఇరవై రూపాయలకు తీసుకోండి, సేకరణలో చోటివ్వొద్దు. ఇలాంటి బిళ్లనే బియ్యాన్ని లాగుతుందని, అందులో ఇరిడియం ఉందని, కోట్లు పలుకుతుందని చెప్పే రైస్ పుల్లింగ్ ముఠాల వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఇంకో మాట మాట్లాడకుండా లేచి రండి.

తళతళ మెరిసే పాత రాగి కూడా వద్దు. చింతపండుతోనో, రాగి చెంబులు తోమే పొడితోనో రుద్దితే వందేళ్లకు పట్టిన గోధుమరంగు పొర లేచిపోతుంది, దాంతోపాటు విలువా లేచిపోతుంది. పచ్చరంగు చూసి మాత్రం భయపడొద్దు. గట్టిగా, నున్నగా, గోరుకు రాలని ఆకుపచ్చ మంచిదే. లేత ఆకుపచ్చ పొడిలా ఉండి పుల్లతో గీకితే రాలేది చెడ్డది. అది లోపల్నుంచి కాసును తింటూ పోతుంది. మనలాంటి తీరప్రాంతపు తేమలో ఇంకా తొందరగా ముదురుతుంది. అలాంటిది పక్కా అరుదైన కాసైతే తప్ప కొనొద్దు. కొన్నా మిగతా వాటికి దూరంగా, తేమ తగలకుండా విడిగా పెట్టండి.

"ఉదయగిరి దగ్గర పొలంలో దొరికిందన్నా, కుండలో ఉన్నాయి" అనే కథ వింటే ఆగండి. నూటికి తొంభైసార్లు అది ధర పెంచడానికి అల్లిన కథ. నిజమే అయితే ఇంకా చిక్కు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. అలాంటి సరుకు మనకెందుకు? ఏ కాసు కొన్నా చిన్న బిల్లు రాయించుకోండి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి కాబట్టి, అమెరికాలో ఉన్న తమ్ముడికి పోస్టులో పంపుదాం అనే ఆలోచన కూడా మానుకోండి.

బేరం ఇలా ఉంటే బాగుంటుంది. చేత్తో కొట్టిన కుప్పలోంచి మీరు నాలుగు ఏరారు, అందులో మీకు నిజంగా కావలసింది ఒక దూయిట్ అనుకుందాం.

"ఈ నాలుగూ ఎంతకిస్తావన్నా?"

"ట్రేలో రేటే, ఒక్కోటి నూటయాభై. మొత్తం ఆరొందలు."

"ఇందులో రెండు అసలు చదవడానికే రావట్లేదు. నాలుగు వందలు చేసుకో."

"అయిదొందలియ్యన్నా, పొద్దున్నించి ఇదే బోణీ."

ఇచ్చేయండి. గుట్ట రేటు దగ్గర యాభైకి, వందకు గంటసేపు గుంజులాడితే, వచ్చే ప్రదర్శనలో కొత్త ట్రే విప్పగానే ఆయన మిమ్మల్ని పిలవడు. దూయిట్‌ను ఒక్కదాన్నే చేతిలో పట్టుకుని లెన్సు పెట్టి చూస్తూ అడిగితే మాత్రం, ట్రే రేటు ఆ క్షణానే మారిపోతుంది. ఆశ ముఖంలో కనబడనివ్వకుండా ఉండటం కూడా ఈ విద్యలో భాగమే, ఎవరూ చెప్పరు గానీ.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక రెండో చుట్టు. అప్పుడు మాత్రం గాజు కింద ఉన్నవాటిలో ఒకటి కొనండి, కొనాలని ముందే నోటుపుస్తకంలో రాసుకున్నది. నాణెం ఎంత బాగుందో చెప్పే "వెరీ ఫైన్" లాంటి మాట చీటీ మీద ఉన్నా పట్టించుకోవద్దు. ఆ చీటీ రాసింది అమ్మేవాడే. ఆఖరి రోజు సాయంత్రమైతే మూట కట్టుకునే తొందరలో ఇంకొంచెం తగ్గిస్తారు.

ఇంటికొచ్చాక కడగొద్దు. మట్టి ఎక్కువగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. మెత్తగా సాగే పీవీసీ కవర్లలో దాచొద్దు, అవి కొన్నాళ్లకు జిగటగా మారి రాగికి పచ్చరంగు అంటిస్తాయి. అట్ట చట్రాల్లో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. చట్రం మీద బరువు, కొన్న ఊరు, తేదీ, ఇచ్చిన ధర పెన్సిల్‌తో రాయండి.

అభ్యాసం: చేత్తో కొట్టిన కాసు ఒకటి తీసుకుని, టార్చిని గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతూ, ఏ వైపు వెలుగులో ఏ గీత కనబడితే దాన్ని కాగితం మీద గీయండి. రెండువైపులా గీసిన ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. వచ్చే పాఠంలో వాలాజా కాసుల మీది పారశీక అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీస్తాం, అప్పుడు దాంతో పని ఉంది.