మృగశిర రాకముందే బోర్డులు శుభ్రం చేసుకోండి

రోహిణి కార్తెలో చేతికి పట్టిన చెమట మృగశిరలో బయటపడుతుంది. బోరు మోటార్ల ఆటో స్టార్టర్ సర్క్యూట్ బోర్డులు తయారు చేసే మాకు నల్లగొండలో ఇది అనుభవమే. ఒక ఏడాది మే నెలలో టెస్ట్ చేసి పంపిన బోర్డులు మొదటి వానలకే దేవరకొండ వైపు నుంచి తిరిగొచ్చాయి. మోటరు దానంతటదే ఆగిపోతోందని రైతుల బాధ. భూతద్దం పెట్టి చూస్తే రెండు సోల్డర్ జాయింట్ల మధ్య సన్నటి వెండి రంగు తీగ, చింత రెమ్మలా కొమ్మలు వేసి ఉంది. పక్కనే ఆకుపచ్చ మరకలో వేలిముద్ర గీతలు. ఆ వేలు మా వర్క్‌షాప్‌లోదే.

చెమటలోని ఉప్పు, సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడి మిగిలిపోయిన ఫ్లక్స్ పొడిగా ఉన్నంతకాలం కదలవు. గాలిలో తేమ పెరగగానే కరిగి కరెంటుకు దారి ఇస్తాయి. ఆ దారిలోనే లోహం ఒక జాయింట్ నుంచి ఇంకోదానికి పాకుతుంది.

అందరూ చేసే పెద్ద తప్పు బోరు నీళ్లతో కడగడం. మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పులు ఎంతున్నాయో వేరే చెప్పాలా? ఆరాక అవన్నీ తెల్లటి పొరగా బోర్డు మీదే ఉంటాయి. తాగే ఆర్‌వో నీళ్లలోనూ కొంత ఉప్పు ఉంటుంది. ఉప్పులు తీసేసిన డీఅయనైజ్డ్ నీళ్లే వాడండి, కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా దగ్గర చూపించాలి.

ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచేటప్పుడు కూడా జాగ్రత్త. ఒకే గుడ్డతో పదిసార్లు రుద్దితే మురికి పోదు, బోర్డంతా పరుచుకుంటుంది. బోర్డును ఏటవాలుగా పట్టి, బ్రష్‌తో రుద్దుతూ కొత్త ఐపీఏ పోసి కిందికి కారనివ్వండి. దగ్గర్లో వేడి సోల్డరింగ్ ఐరన్ ఉండకూడదు, ఐపీఏ ఇట్టే అంటుకుంటుంది. కడగనక్కర్లేదని అమ్మే నో-క్లీన్ ఫ్లక్స్‌ను సగం కడిగి వదిలేయడం, అసలు కడగకపోవడం కన్నా ప్రమాదం. మురికి మీద రక్షణ పొరగా కోటింగ్ వేస్తే అది లోపలే ఉండిపోతుంది. తేమ ఆవిరిగా పొర దాటి వెళ్లి అక్కడ బుడగలు లేపుతుంది.

గ్లౌజులు వేసుకుని, బోర్డును అంచులు పట్టుకుని ఎత్తాలి. కంప్రెసర్ గాలికి నీళ్లు, నూనె ఆపే ఫిల్టర్ ఉండాలి. ఎంఎస్ఎల్ 3 (తేమకు ఎంత సున్నితమో చెప్పే స్థాయి) అని రాసున్న ఐసీలను ప్యాకెట్ తెరిచాక 168 గంటల్లో సోల్డర్ చేసేయాలి. అదీ 30 డిగ్రీల వేడి, 60 శాతం తేమ దాటని గదిలో. వానాకాలంలో మన షెడ్లలో తేమ అంతకు మించే ఉంటుంది కాబట్టి, మిగిలినవి తేమ చేరని డ్రై బాక్స్‌లోకి వెళ్లాలి.

చదరపు సెంటీమీటరుకు 1.56 మైక్రోగ్రాముల ఉప్పుకు సమానమైన మురికి దాటకూడదన్నది సోల్డరింగ్ పనికి సంబంధించిన జె-ఎస్‌టీడీ-001 ప్రమాణంలో చాలాకాలం ఉన్న లెక్క. 2018 సవరణ తర్వాత ఆ ఒక్క అంకె చూపిస్తే సరిపోదు, మన పద్ధతి నమ్మదగిందని మనమే ఆధారాలతో చూపాలి. నాకు ఇదే న్యాయం అనిపిస్తుంది.

ల్యాబ్ లేని చిన్న యూనిట్‌కు నేను చెప్పేది ఒకటే. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, కళ్లుప్పు అడుగున కరగకుండా మిగిలేంత వేసిన నీళ్ల గిన్నె పెట్టండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. బోర్డు గిన్నెకు తగలకుండా ఎత్తులో పెట్టి, తక్కువ వోల్టేజీ భాగానికే సప్లై ఇచ్చి, రెండు రోజులు వదిలేయండి. తర్వాత జాయింట్ల మధ్య భూతద్దంతో చూడండి. చింత రెమ్మ కనిపిస్తే ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ కడగాలి.