నవల సగంలో ఆగిపోకుండా రాయడం ఎలా

నవల మొదలుపెట్టిన చాలామంది రెండో మూడో నెలలో ఆపేస్తారు. అప్పటికి తొలి ఊపు తగ్గి ఉంటుంది, ముగింపు ఇంకా కనుచూపు మేరలో ఉండదు, ఇవాళ కూర్చుంటే ఏం రాయాలో తోచదు. వరంగల్, హన్మకొండల్లో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ కవులకూ కొదవ లేదు, కవి సమ్మేళనాలకూ కొదవ లేదు. కవిత రాసినవారికి ఆ వారంలోనే చప్పట్లు దొరుకుతాయి, కథ రాసినవారు ఆదివారం అనుబంధంలో తమ పేరు చూసుకుంటారు, నవల రాసేవారిని మాత్రం ఏడాదిపాటు ఎవరూ పలకరించరు. కాబట్టి ఉత్సాహం బయటినుంచి వస్తుందని ఎదురుచూడకుండా, రేపటి పనిని ఇవాళే సిద్ధం చేసి పెట్టుకునే పద్ధతిని మొదటినుంచీ పాటించాలి.

ముందుగా నవల ఎంత ఉండాలో తేల్చుకోండి. డెమ్మీ సైజు అచ్చు పేజీలో సుమారు 200 పదాలు పడతాయనుకుంటే, 200 పేజీల నవలకు దాదాపు 40,000 పదాలు కావాలి. రోజుకు 200 పదాల చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే 40 వారాలు పడుతుంది. ఏడాదిలో మిగిలిన 12 వారాలను ముందే సెలవులుగా రాసి పెట్టుకోవాలి. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి దసరా దాకా ఇంట్లో ఎవరూ మిమ్మల్ని బల్ల దగ్గర కూర్చోనివ్వరు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. వ్యవసాయం ఉన్నవారికి వానకాలం నాట్లు, పత్తి ఏరే రోజులు, ఉపాధ్యాయులకు పరీక్షలు, ఎన్నికల డ్యూటీలు ఎలాగూ తప్పవు. ఈ విరామాలను లెక్కలోకి తీసుకోనివారే, పది రోజులు రాయలేకపోగానే పని చెడిపోయిందనుకుని మొత్తానికే వదిలేస్తారు. సెలవుకు ముందురోజు మాత్రం తిరిగి కూర్చునే తేదీని, ఆ రోజు రాయాల్సిన సన్నివేశాన్ని ఒక కాగితం మీద రాసి, రాతప్రతి మీదే పెట్టి వెళ్లాలి.

పరిమాణం లాగే కథాకాలం కూడా రచయిత ఓపికను పరీక్షిస్తుంది. నిజాం పాలన నుంచి ప్రత్యేక రాష్ట్రం దాకా మొత్తం ఒకే నవలలో చెప్పాలన్న కోరిక మన ప్రాంతంలో కొత్తగా రాసేవారికి తరచూ కలుగుతుంది. కోరిక మంచిదే, తొలి నవలకు మాత్రం అది మోయలేని బరువు. పాలకుర్తి దగ్గరి వావిలాలలో పుట్టిన నవీన్, 1969లో వెలువడిన తన తొలి నవల ‘అంపశయ్య’ను ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి జీవితంలోని 16 గంటలకు పరిమితం చేశారు. తెలంగాణ చరిత్రను విస్తారంగా చిత్రించి, 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ‘కాలరేఖలు’ ఆయన కలం నుంచి చాలా ఏళ్ల తర్వాత వచ్చింది.

రోజువారీ పనిలో అన్నిటికంటే ఉపయోగపడేది, తర్వాతి వాక్యం తెలిసి ఉండగానే ఆపడం. మనసులో ఉన్నదంతా రాసేసి లేస్తే, మర్నాడు ఖాళీ కాగితం ముందు కూర్చోవాల్సి వస్తుంది. సంభాషణ మధ్యలో ఆపి, తర్వాత ఎవరు ఏమంటారో అంచులో రెండు ముక్కలు రాసుకుంటే, మర్నాడు చేయి దానంతటదే సాగుతుంది.

అసలు కష్టమంతా మధ్యభాగంలో ఉంటుంది. వరంగల్‌లో మూతపడిన ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడి కుటుంబం గురించి రాస్తున్నారనుకుందాం. మొదటి ఐదారు అధ్యాయాలు జ్ఞాపకాలతో, మిల్లు సైరనుతో, కార్మికవాడల వర్ణనతో హాయిగా సాగిపోతాయి. ఏడో అధ్యాయానికి వచ్చేసరికి కలం కదలదు. చాలామంది దీన్ని బద్ధకమనుకుని తమను తాము తిట్టుకుంటారు. నిజానికి ఆ కార్మికుడికి ఏం కావాలో రచయిత ఇంకా తేల్చలేదు, అందుకే కథ ఆగింది. రేపు పొద్దున అతను లేచి ఎవరి దగ్గరికి వెళ్తాడు, ఏమడుగుతాడు, వాళ్లు ఎందుకు కాదంటారు అని ప్రశ్నించుకోండి. బిడ్డ కాలేజీ ఫీజు కోసం నర్సంపేట దగ్గర భూమి చూసుకుంటున్న తమ్ముడి దగ్గరికి వెళ్లాడనుకుంటే, పాత పంపకాల తగాదా, మరదలి మాట, ఖాళీ చేతులతో తిరుగు బస్సు, ఇలా మూడు సన్నివేశాలు వాటంతటవే పుడతాయి. అప్పటికీ కదలకపోతే వరుసక్రమం వదిలేసి, ఏ సన్నివేశం కోసం ఈ నవల రాయాలనుకున్నారో దాన్నే ముందు రాయండి. వర్ణనలో చిక్కుకుపోయినప్పుడు పాత్రలను మాట్లాడనివ్వడం కూడా మంచి ఉపాయం. గ్రాంథికపు వాసన ఉన్న పేరా ఒకటి రాయలేక అవస్థపడే రోజున, “మల్ల ఎటు పోతున్నవ్ బిడ్డా, అన్నం తినిపోరాదు” అని తల్లి చేత అనిపిస్తే చాలు, ఇల్లంతా కళ్లముందు నిలబడుతుంది.

పరిశోధన పేరుతో జరిగే వాయిదా మరొకటి. అది పనిలాగే కనిపిస్తుంది కనుక పట్టుకోవడం కష్టం. 1934లో మొదలైన మిల్లు గురించి రాస్తూ, షిఫ్టు ఎన్ని గంటలకు మారేదో తెలియక రాతను ఆపేస్తే, ఆ ఒక్క వివరం కోసం వారాలు గడిచిపోతాయి. అక్కడ చుక్కలు పెట్టి ముందుకు సాగండి. సందేహాలన్నీ ఒక కాగితం మీద చేర్చి, నెలకోసారి హన్మకొండలో 1904 నుంచి ఉన్న గ్రంథాలయం రాజరాజనరేంద్ర భాషానిలయానికో, పాత కార్మికుల దగ్గరికో వెళ్లి ఒకేసారి తీర్చుకోవచ్చు. మొదటి అధ్యాయాన్ని మళ్లీ మళ్లీ చెక్కడం కూడా ఇలాంటి వాయిదాయే. మార్పులేమైనా తోస్తే రాసి పెట్టుకుని, చిత్తుప్రతి పూర్తయ్యాకే చేయండి.

వారపత్రికల్లో సీరియళ్లు వెలిగిన రోజుల్లో సంపాదకుడి గడువే రచయిత చేత రాయించేది. ఇప్పుడు ఆ గడువును మనమే కల్పించుకోవాలి. నమ్మకమైన మిత్రుడు ఒకరికి పదిహేను రోజులకో అధ్యాయం ఇస్తానని మాటివ్వండి. బాగుందా అని అడగవద్దు, చదువుతూ ఎక్కడ పక్కన పెట్టారో మాత్రం అడగండి. రాయని భాగాన్ని మాత్రం ఎవరికీ నోటితో చెప్పకపోవడమే మేలు. టీ కొట్టు దగ్గర పూర్తిగా చెప్పేసిన కథను మళ్లీ రాయాలనిపించడం అరుదు.

కొన్నిసార్లు నవలను నిజంగానే ఆపాల్సి వస్తుంది. అలసటతో ఆ నిర్ణయం తీసుకోకండి. మీరు అన్నిటికంటే ఎక్కువగా రాయాలనుకున్న సన్నివేశాన్ని రాసి, వారం ఆగి చదివినప్పుడు, అది కూడా మీకు పరాయిదిగా అనిపిస్తే, ఆ పాత్రల్లో ఒకరిని తీసుకుని చిన్న కథ రాసి, నవలను పక్కన పెట్టేయవచ్చు.