ఆపరేషన్ తర్వాత గొంతు నొప్పి: ఎందుకు వస్తుంది, ఎలా ఆపాలి

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు విభాగంలో పనిచేస్తాను. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన పెద్దావిడ ఒకరు, కళ్లు తెరిచిన కాసేపటికి కడుపు మీద కాదు, గొంతు మీద చెయ్యి పెట్టుకుని "ఉమ్మి మింగలేకపోతున్నాను నాయనా" అన్నారు. "మామూలే అమ్మా, తగ్గిపోతుంది" అని మేం అనేస్తుంటాం. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, నిజమే. కానీ చాలావరకు రాకుండా చూసుకోగల నొప్పి ఇది.

సమస్య: మింగితే నొప్పి, గొంతులో గరగర

కారణం: పూర్తి మత్తులో ఊపిరి కోసం శ్వాసనాళంలోకి ట్యూబు వేస్తాం. దాని చివర కఫ్ అనే గాలి బుడగ ఉంటుంది. గాలి పక్కనుంచి పోకుండా అది అడ్డుకుంటుంది. దాన్ని మరీ బిగుతుగా ఊదితే లోపలి పొర నలిగి, అక్కడికి రక్తం సరిగా అందదు. కఫ్‌కి కలిసి బయట వేలాడే చిన్న బెలూన్‌ను రెండు వేళ్లతో నొక్కి "సరిపోయింది" అనుకోవడం మాలో చాలామందికి అలవాటు. వేళ్లకు సరిగ్గానే అనిపించిన కఫ్‌కి ఒత్తిడి కొలిచే మీటరు తగిలిస్తే, ముల్లు సరైన ఒత్తిడి చూపే పచ్చ గీత దాటేసి నిలబడటం నేను కళ్లారా చూశాను.

పరిష్కారం: మీటరు పెట్టి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉంచాలి. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ వాడుతుంటే అది మెల్లగా కఫ్‌లోకి చేరి ఒత్తిడి పెంచుతుంది, కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ చూడాలి. వీలైనచోట ఒక సైజు చిన్న ట్యూబు వేస్తే రాపిడి తగ్గుతుంది. ఆడవాళ్లలో ఈ నొప్పి ఎక్కువ, వాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ట్యూబుకి లిగ్నోకెయిన్ జెల్లీ (తిమ్మిరెక్కించే మందు) పూస్తే నొప్పి రాదన్న నమ్మకాన్ని మాత్రం వదిలేయాలి. మత్తు ఇచ్చే ముందు అతిమధురం నీళ్లు పుక్కిలించడం మన దేశంలో జరిగిన పరీక్షలో మేలు చేసింది. అయితే ఖాళీ కడుపుతో ఉండాల్సిన సమయం అది. డాక్టరు చెప్పకుండా ఇంట్లో మీరే చేసుకోకండి.

పేషెంట్లు ముందే చెప్పాల్సినవి: జలుబు, దగ్గు, సిగరెట్ అలవాటు, కదిలే పన్ను, ఇంతకుముందు ట్యూబు వేయడానికి ఇబ్బంది పడిన సంగతి. టీచర్లు, పాటలు పాడేవాళ్లు ఆ మాట కూడా చెప్పండి.

తర్వాత: తాగొచ్చని చెప్పాక గుక్క గుక్కగా నీళ్లు, గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత. నొప్పి మాత్ర డాక్టరు రాసిందే వేసుకోవాలి.

సమస్య: గొంతు బొంగురు

స్వరపేటిక వాచడం వల్ల వస్తుంది. మాట తగ్గించండి, గుసగుసలు కూడా వద్దు, వాటితో ఇంకా అలుపు. వారం దాటినా గొంతు రాకపోతే ఈఎన్‌టీ డాక్టరు గొట్టం కెమెరాతో చూడాలి. ఏదో ఒకరోజు అదే వస్తుందిలే అని నెలలు గడపొద్దు.

సమస్య: ఊపిరి ఆడకపోవడం, పీల్చేటప్పుడు ఈల శబ్దం, మెడ ఉబ్బడం, జ్వరంతో ఛాతీ నొప్పి, నోట్లోంచి రక్తం

ఇది గరగర కాదు. లోపల గాయమో వాపో అయి ఉండొచ్చు. ఇంటికి వెళ్లాక కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.