లీవరు, తూము, పంజరం: డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో తొలి ఉచ్చులు

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అంటే మరుగుజ్జులతో కోట కట్టించి నడిపే కంప్యూటర్ ఆట. ఈ ఆటలో కోట నిలబడేది కత్తులతో కాదు, మెకానిజంలతో, అంటే ఉచ్చులనూ లీవర్లనూ పనిచేయించే యంత్ర భాగాలతో. మెకానిక్ వర్క్‌షాపు కట్టించి, రాతితో పది పన్నెండు చేయించి పెట్టుకోండి.

మొదట పంజరం ఉచ్చు. ఒక మెకానిజం, ఒక పంజరం చాలు, చెక్కదైనా ఫరవాలేదు. కోటలోకి వచ్చే ఇరుకు దారిలో వరుసగా పెట్టండి. శత్రువు చిక్కాక మరో ఖాళీ పంజరం తెచ్చి అమర్చేదాకా ఆ ఉచ్చు పనిచేయదు. కాబట్టి ఖాళీవి నిల్వ ఉంచాలి. దొంగతనానికి వచ్చే చిన్న జీవులు కోబాల్డులు ఉచ్చులకు చిక్కవు. వాటిని పసిగట్టడానికి గుమ్మం దగ్గర కుక్కను కట్టేయండి.

అసలు ఆనందం నీళ్లతోనే. మాది కోనసీమ. లాకులు, తూములు చూస్తూ పెరిగినవాణ్ణి, ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లనూ కళ్లారా చూసినవాణ్ణి. అందుకే ఫ్లడ్‌గేటంటే, అంటే కాలువలో నీటిని ఆపి వదిలే గేటంటే, నాకు ప్రాణం. లెక్క ఇదీ: లీవరు కట్టడానికి ఒక మెకానిజం, దాన్ని గేటుకు కలపడానికి రెండు. అదే లీవరుకు ఇంకో గేటు కలిపితే మరో రెండు. లీవరు లాగగానే గేటు కదలదు, కాస్త ఆలస్యమవుతుంది. శత్రువు గుమ్మం దాకా వచ్చాక లాగితే లాభం లేదు.

కాలువ పొడిగా ఉన్నప్పుడే గేటు కలపండి, ఎందుకంటే మెకానిక్ అక్కడిదాకా నడిచి వెళ్లాలి. లీవరు రెండుసార్లు లాగి, గేటు తెరుచుకుని మూసుకోవడం చూడండి. ఆ తర్వాతే నది వైపు మిగిలిన ఆఖరి గడిని (ఆట పటంలో ఒక చదరాన్ని) తవ్వించండి, అదీ పై అంతస్తు నుంచి. కింద నిలబడి తవ్వినవాణ్ణి నీరు ఈడ్చుకుపోతుంది.